సీటు వచ్చింది సరే, ఫీజు సంగతేమిటి?

కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల రంగే మారిపోతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బంగారం లోన్లు వెనక్కి పోతాయి. ఫీజు ఎలా కట్టాలి, లోన్ ఎవరిస్తారు, తీసుకున్నాక ఎలా తీర్చాలి... అందరిదీ ఇదే గొడవ. బ్యాంకు ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను లోన్ల సీటులోనే కూర్చున్నాను కాబట్టి ఈ ప్రశ్నలతో నాకు పాత పరిచయమే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో "ఎవరో చెప్పారు", "బ్యాంకులో అన్నారు" అనే మాట కనిపించింది. అన్నవాళ్లు ఆ మాట కాగితం మీద రాసిచ్చారా? ఈ పేజీలో నేను పదేపదే అడిగేది అదే. విసుక్కోకండి.

ప్రశ్న: మేడం, మాది జగిత్యాల దగ్గర పల్లె. బీసీలం. మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో 18 వేల ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో ఒక మోస్తరు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 90 వేలు. హైదరాబాద్‌లో బాగా పేరున్న ఇంకో కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు. ఏడాదికి 3 లక్షలు, అందులో లక్షకు రశీదు ఇవ్వరట. బ్యాంకు లోన్ పెట్టి అక్కడే చేర్పించమని బంధువులు పోరుతున్నారు. ఏం చేయమంటారు?
— ఓ తండ్రి

కన్వీనర్ సీటే తీసుకోండి. ఎందుకో లెక్క వేసి చెప్తాను, బంధువులకు చూపించండి.

మీ ఆదాయం పరిమితిలోపు ఉంటే (తెలంగాణలో బీసీలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు) కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. 10 వేల లోపు ర్యాంకు వచ్చి ఉంటే మొత్తం ఫీజు ప్రభుత్వమే భరించేది. మీ అమ్మాయి ర్యాంకుకు 35 వేలు వస్తాయి. మిగిలిన 55 వేలు మీరు కట్టుకోవాలి. నాలుగేళ్లకు 2 లక్షల 20 వేలు.

ఇప్పుడు రెండో కాలేజీ. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. ఈ సంగతి చేరాక తెలిసి లబోదిబోమన్నవాళ్లను చాలామందిని చూశాను. ఇక రశీదు లేని లక్ష. దానికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. బ్యాంకుకు కావలసింది కాలేజీ లెటర్‌హెడ్ మీద ఫీజు వివరం, కట్టాక రశీదు. అంటే ఏడాదికి 2 లక్షల చొప్పున 8 లక్షలకే లోన్ దొరుకుతుంది. రశీదు లేని 4 లక్షలు మీరు బయట తేవాలి. బయటంటే నూటికి రెండు రూపాయల వడ్డీకేగా! ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కు బ్యాంకు సాధారణంగా తనఖా అడుగుతుంది కాబట్టి ఇంటి కాగితాలో పొలం కాగితాలో కూడా లోపల పెట్టాల్సి వస్తుంది.

10 శాతం వడ్డీ అనుకుంటే, చదువు అయిపోయి వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ 8 లక్షలు 10 లక్షల 80 వేలవుతాయి (ఎలాగో కింద తెనాలి అమ్మగారికి ఇచ్చిన జవాబులో చూడండి). పదేళ్లలో తీర్చాలంటే నెలకు 14 వేలకు పైగా కట్టాలి. మీ అమ్మాయికి మొదటి ఉద్యోగంలో వచ్చే జీతంలోంచి అది పోతుంది. బయటి అప్పు మీ మెడకే ఉంటుంది.

పేరున్న కాలేజీ వల్ల లాభం లేదని నేననను. ఉంటుంది. కానీ లక్ష రూపాయలు చేతిలో పెట్టమని మొదటి రోజే అడిగే చోటు తర్వాత ఏం అడుగుతుందో ఆలోచించండి. ఆ వసూలు చట్టవిరుద్ధం కూడా. మన రాష్ట్రాల్లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం 1983 నుంచీ ఉంది.

కన్వీనర్ సీటులోనూ ఒక చిక్కుంది. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే, ముందు మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అని కాలేజీలు అంటుంటాయి. కట్టక తప్పకపోతే కట్టండి, కానీ రశీదు మీద "రీయింబర్స్‌మెంట్ రాగానే వాపసు" అని రాయించుకోండి. ఆ రశీదులన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. నాలుగో ఏడు చివర సర్టిఫికెట్ల కోసం కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు ఆ ఫైలే మాట్లాడుతుంది. రీయింబర్స్‌మెంట్ కోసం పెట్టే ఈ-పాస్ దరఖాస్తు ఏటా రెన్యువల్ చేయాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు. ఈ రెండూ మీ అమ్మాయి చేతిలోని పనులే.

ప్రశ్న: నమస్తే మేడం. మాది అనంతపురం జిల్లా. నాకు తిరుపతిలో ఎంబీఏ సీటు వచ్చింది. లోన్ కోసం ఒక బ్యాంకుకు వెళ్తే "మీ ఊరు మా పరిధిలో లేదు" అన్నారు. ఇంకో బ్యాంకులో నాన్నగారి సిబిల్ స్కోరు బాగాలేదని దరఖాస్తు కూడా తీసుకోలేదు. నాన్న ఒక ఏడాది పంట లోన్ ఆలస్యంగా కట్టిన మాట నిజమే. ఇక దారి లేదా?
— ఓ విద్యార్థి

దారి ఉంది బాబూ. ముందు ఆ "పరిధి" సంగతి చూద్దాం. విద్యా రుణానికి సర్వీస్ ఏరియా నిబంధన అడ్డు చెప్పకూడదని రిజర్వ్ బ్యాంకు 2012 నవంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అయినా ఆ సాకు ఇంకా వినిపిస్తోందంటే అది రూలు కాదు, తీరిక లేకపోవడం. చదువుల లోన్ అంటే కాగితాలు ఎక్కువ, రాబడి ఆలస్యం. కొందరు మేనేజర్లకు ఇది తలనొప్పి. నా పాత సహోద్యోగులకు కోపం వచ్చినా సరే, ఉన్న మాట ఇది.

నీ విషయంలో అసలు ఇబ్బంది ఏమిటంటే, నువ్వు రెండు బ్యాంకులకు వెళ్లినట్టు ఎక్కడా ఆధారం లేదు. దరఖాస్తు తీసుకోకపోతే తిరస్కరించినట్టూ కాదు, దాని మీద ఫిర్యాదూ చేయలేం. అందుకే విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చెయ్యి. 2015 నుంచి ఉన్న పోర్టల్ అది. ఒకే ఫారంతో మూడు బ్యాంకుల దాకా పంపొచ్చు. నంబరు వస్తుంది, తేదీ ఉంటుంది, స్టేటస్ కనిపిస్తుంది. దాని ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళ్తే మాట తీరే వేరుగా ఉంటుంది. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం, బ్రాంచి మేనేజర్ తనంతట తానుగా తిరస్కరించకూడదు. పై అధికారి సమ్మతి ఉండాలి, కారణం విద్యార్థికి తెలియజేయాలి. "కారణం రాసివ్వండి సార్" అని మర్యాదగా అడుగు. గొంతు పెంచాల్సిన పని లేదు.

సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చూపే స్కోరు) విషయం కొంచెం నలిగిన వ్యవహారం. స్కోరు తక్కువని చదువుల లోన్ నిరాకరించడం తగదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. ఆ తీర్పును ఉదహరించొచ్చు గానీ, ఇక్కడి బ్యాంకు దాన్ని తలదాల్చాలని లేదు. ఆచరణలో సహ రుణగ్రహీత స్కోరు చూస్తారు. మరి ఆ సహ రుణగ్రహీత నాన్నే కావాలా? అమ్మ పేరు పెట్టొచ్చేమో అడుగు. సంపాదిస్తున్న అన్నో అక్కో ఉంటే వాళ్ల పేరూ అడుగు.

ఈలోగా నాన్నగారి క్రెడిట్ రిపోర్టు తెప్పించు. ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. పంట లోన్ తీరిపోయినా అందులో ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే, బ్యాంకు నుంచి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని సరిచేయమని దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో సరిచేయాలి. పల్లెల్లో రైతుల రిపోర్టుల్లో ఇలాంటి పాత మచ్చలు ఎన్నో ఉంటాయి, ఎవరూ చూసుకోరు.

ఒక చిన్న విషయం. కాలేజీ ఇచ్చే ఫీజు లెటర్‌లో ట్యూషన్ ఫీజు ఒక్కటే రాయించుకుని వస్తారు చాలామంది. హాస్టల్, పరీక్ష ఫీజు, పుస్తకాలు, కోర్సుకు అవసరమైతే ల్యాప్‌టాప్ కూడా లోన్‌లో చేర్చొచ్చు. లెటర్‌లో లేనిది శాంక్షన్‌లో రాదు. శాంక్షన్ అయ్యాక పెంచమంటే మళ్లీ మొదటికొస్తుంది. 4 లక్షల లోపు అయితే మార్జిన్ డబ్బు (మన వాటాగా పెట్టే సొమ్ము), తనఖా ఏవీ అడగకూడదు.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా ఆయన ఆటో నడుపుతారు. బాబు ఇంజనీరింగ్‌కు 6 లక్షల లోన్ మంజూరైంది, ఏడాదికి లక్షన్నర చొప్పున ఇస్తారు. చదువయ్యేదాకా ఏమీ కట్టక్కర్లేదన్నారు మేనేజరుగారు. అంటే అప్పటిదాకా వడ్డీ పడదనే కదా? పక్కింటివాళ్లు పడుతుందంటున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు.
— ఓ తల్లి

పక్కింటివాళ్లు చెప్పింది నిజం. మేనేజరుగారు చెప్పిందీ నిజమే, కాకపోతే సగం. చదివే కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది మీరు కట్టక్కర్లేదు. దాన్ని మారటోరియం అంటారు. కట్టక్కర్లేదంతే, వడ్డీ మాత్రం మొదటి చెక్కు కాలేజీకి వెళ్లిన రోజు నుంచే లెక్కలో పడుతూ ఉంటుంది.

చూడండి. 10 శాతం వడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన లక్షన్నర మీద ఐదేళ్ల వడ్డీ 75 వేలు. రెండో ఏడాది ఇచ్చినదాని మీద నాలుగేళ్లకు 60 వేలు. మూడోదాని మీద 45 వేలు, నాలుగోదాని మీద 30 వేలు. మొత్తం 2 లక్షల 10 వేలు. ఈ ఐదేళ్లూ బారువడ్డీయే, చక్రవడ్డీ కాదు. కానీ వాయిదాలు మొదలయ్యే రోజున ఈ 2 లక్షల 10 వేలను అసలులో కలిపేస్తారు. 6 లక్షలు తీసుకున్న మీ అబ్బాయి 8 లక్షల 10 వేలకు వాయిదాలు కట్టాలి. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 10,700.

స్టేట్‌మెంట్ చేతిలో పట్టుకుని "మేం తీసుకున్నది ఆరు, ఇక్కడ ఎనిమిది ఉందేంటి మేడం, ఎవరిదో మా దాంట్లో కలిసినట్టుంది" అని నా బల్ల ముందు నిలబడిన తండ్రులు ఉన్నారు. శాంక్షన్ లెటర్ తీసి చూపిస్తే అందులో ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో, వాళ్లే సంతకం పెట్టిన పేజీలో. మీరు ఆ పేజీ ఇప్పుడే తీసి చదివించుకోండి. "మారటోరియం వడ్డీ", "రాయితీ" అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి.

ఇక నిద్ర పట్టే మాట చెప్తాను. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, ఆ 2 లక్షల 10 వేలు కేంద్ర ప్రభుత్వమే కడుతుంది. 2009 నుంచి ఉన్న వడ్డీ రాయితీ పథకం ఇది. వృత్తి, సాంకేతిక కోర్సులకు, 10 లక్షల దాకా లోన్‌కు వర్తిస్తుంది. కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ, ఆ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. తనఖా, మూడో మనిషి పూచీకత్తు లేకుండా ఇచ్చిన లోన్ అయి ఉండాలి. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న లోన్‌కు రాదు. మనిషికి ఒక్కసారే ఇస్తారు. ఇంజనీరింగ్‌కు వాడుకుంటే రేపు ఎంటెక్‌కు రాదు. మధ్యలో చదువు మానేస్తే రాయితీ పోతుంది, అనారోగ్యం లాంటి కారణమైతే తప్ప.

దీనంతటది రాదు, అడగాలి. లోన్‌కు దరఖాస్తు వేరు, వడ్డీ రాయితీకి దరఖాస్తు వేరు. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో రెండింటికీ వేర్వేరు చోట్లు ఉంటాయి. చాలామంది మొదటిది నింపి, పని అయిపోయిందనుకుంటారు. దీనికి ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. మీ సచివాలయంలో పెట్టుకోండి. అందులో మీవారి పేరు, బాబు మార్కుల మెమోలో తండ్రి పేరు, ఆధార్‌లో పేరు ఒకే రకంగా ఉన్నాయా చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం ఒక్కటే. మన దగ్గర సగం దరఖాస్తులు ఇక్కడే ఆగుతాయి. పత్రం బ్యాంకులో ఇచ్చేటప్పుడు ఇంకో కాపీ మీద "అందింది" అని ముద్ర, తేదీ వేయించుకోండి. ఏటా ఏప్రిల్‌లో స్టేట్‌మెంట్ తీసుకుని రాయితీ జమ పడిందో లేదో చూడండి. ఆలస్యంగా పడటం మామూలే, అసలు పడకపోతే అడగాలి.

ఆదాయం నాలుగున్నర లక్షలు దాటి 8 లక్షల లోపున్నవాళ్ల కోసం పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. దీనికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ర్యాంకింగుల ప్రకారం ఎంపిక చేసిన సంస్థల్లో ప్రతిభతో సీటు తెచ్చుకున్నవాళ్లకు, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు అర్హత లేకపోతే, మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. ఏడాదికి లక్ష మందికే. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు ఈ పథకం వర్తించదు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లోనే చూసుకోవచ్చు, ఏజెంట్‌ను అడగక్కర్లేదు.

ఒకవేళ మీకు ఏ రాయితీకీ అర్హత లేకపోతే, ఆ నెల వడ్డీ ఆ నెలే కట్టే ప్రయత్నం చేయండి. మొదటి ఏడాది నెలకు 1,250, చివరి ఏడాది 5 వేలు. చదువు కాలంలో వడ్డీ కడుతూ వస్తే వడ్డీ రేటులో ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. మొదటి రెండేళ్లు కట్టగలిగి తర్వాత కట్టలేకపోయినా ఫరవాలేదు, కట్టినంత మేరకు చివర్లో అసలులో కలిసేది తగ్గుతుంది.

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ 12 వేలు వచ్చినట్టు పోర్టల్‌లో చూపిస్తోంది. నా పాస్‌బుక్‌లో పైసా పడలేదు. కాలేజీలో అడిగితే మాకు తెలియదన్నారు.
— ఓ విద్యార్థిని

డబ్బు ఎక్కడికీ పోలేదమ్మా, ఇంకో అకౌంట్‌లో పడి ఉంటుంది. నువ్వు ఫారంలో ఏ అకౌంట్ నంబరు రాశావన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నీ ఆధార్ చివరిసారిగా ఏ బ్యాంకు అకౌంట్‌కు సీడ్ అయిందో అందులోకే వెళ్తుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది. చూస్తే, ఎప్పుడో సిమ్ కొన్నప్పుడో, స్కూల్లో క్యాంపు పెట్టినప్పుడో తెరిచి మరిచిపోయిన అకౌంట్ బయటపడుతుంది. ఆ బ్యాంకుకు వెళ్లి డబ్బు తీసుకో. తర్వాత నువ్వు వాడే బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వు. ఆధార్ "లింక్" అయిందంటారు కౌంటర్‌లో, అది చాలదు. ప్రభుత్వ డబ్బులు పడేలా సీడింగ్ చేయమని అడుగు.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో చిన్న ఐటీ కంపెనీలో చేసేవాడిని. మూడు నెలల కిందట తీసేశారు. చదువు లోన్ ఈఎంఐలు రెండు కట్టలేదు. బ్యాంకు తరఫున ఎవరో రాత్రి తొమ్మిదింటికి కూడా ఊళ్లో ఉన్న నాన్నకు ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో ఫోన్ ఎత్తడం మానేశాను. ఒక యాప్‌లో లోన్ తీసుకుని ఇవి కట్టేద్దామా?
— ఓ యువకుడు

యాప్ జోలికి మాత్రం వెళ్లకు తమ్ముడూ. పది శాతం అప్పు తీర్చడానికి ముప్పై, నలభై శాతం అప్పు తెస్తావా?

ఫోన్ ఎత్తకపోవడం వల్ల నువ్వు ఒక్కడివే కాదు, నాన్న కూడా ఇరుక్కుంటారు. ఆయన సహ రుణగ్రహీత. బాకీ 90 రోజులు దాటితే అకౌంట్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ మచ్చ ఇద్దరి రిపోర్టుల్లోనూ పడుతుంది. వచ్చే సీజన్‌కు ఆయన పంట లోన్ రెన్యువల్‌కు వెళ్తే అక్కడ తెలుస్తుంది. నీకు ఇంకా ఆ 90 రోజులు నిండలేదు కాబట్టి ఈ వారమే బ్రాంచికి వెళ్లు. ఫోన్‌లో కాదు, మనిషిగా వెళ్లు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసుకుని వెళ్లు. ఉద్యోగం పోయిన తేదీ, కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్ కాపీ, ఇప్పుడు నెలకు ఎంత కట్టగలవో ఆ అంకె. సున్నా అని రాయకు, వెయ్యి అయినా రాయి. నిరుద్యోగ కాలానికి లోన్ కాలంలో రెండు మూడు సార్లు అదనంగా మారటోరియం ఇచ్చే వెసులుబాటు బ్యాంకుల నమూనా పథకంలోనే ఉంది. గడువు 15 ఏళ్ల దాకా పొడిగించమనీ, మొదట తక్కువ, తర్వాత ఎక్కువ ఉండేలా వాయిదాలు మార్చమనీ అడగొచ్చు. ఇదంతా ఊరికే రాదు. పైన తెనాలి అమ్మగారి లెక్కలోని 8 లక్షల 10 వేల అప్పును పదేళ్లకు బదులు పదిహేనేళ్లకు మారిస్తే నెల వాయిదా 10,700 నుంచి 8,700కు తగ్గుతుంది గానీ, మొత్తం మీద 2 లక్షల 80 వేలు ఎక్కువ కడతావు. ఉద్యోగం దొరికాక వాయిదా మళ్లీ పెంచుకోవచ్చు. ఇప్పుడు కావలసింది ఊపిరి.

"ఇంత కట్టేయ్, సెటిల్ చేసేస్తాం" అని ఎవరైనా అంటే ఉబ్బిపోకు. సెటిల్‌మెంట్ అంటే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. వేరే గతి లేనివాళ్లకే అది.

రాత్రి ఫోన్ల సంగతి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. బెదిరించడం, బంధువులకు చెప్పి పరువు తీయడం కూడా కుదరదు. నాన్నను కాల్ వచ్చిన టైము, నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టమను. ఆ వివరాలతో ముందు బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదు వేరు, బాకీ వేరు సుమా. ఏజెంట్ తప్పు చేశాడని వాయిదా ఆగదు.

ప్రశ్న: ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది, జీతం ఏడాదికి 9 లక్షలు. బోనస్ వస్తే చదువు లోన్ కొంత తీర్చేద్దామనుకున్నాను. "పిచ్చా, 80ఈ కింద పన్ను తగ్గుతుంది, ఉంచుకో" అంటున్నారు మా బావగారు. అమ్మ చేతి కింద ఇంకో లక్ష ప్రైవేటు అప్పు కూడా ఉంది.
— ఓ ఉద్యోగిని

బావగారు చెప్పిన పన్ను మినహాయింపు ఉంది. చదువు లోన్ మీద కట్టిన వడ్డీ మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, పరిమితి లేదు. వడ్డీకే, అసలుకు కాదు. కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. కానీ ఇది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. అదే కొత్త విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్నే పడదు. 9 లక్షల జీతానికి పన్నే లేనప్పుడు మీరు తగ్గించుకునేది ఏమిటి? పన్ను ఎక్కువ కడుతున్నవాళ్లకైనా వెనక్కి వచ్చేది కట్టిన వడ్డీలో ఒక వంతే, మిగతాది పోయినట్టే.

ముందు అమ్మగారి అప్పు తీర్చండి. ప్రైవేటు అప్పు రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 24 శాతం. బ్యాంకుది అందులో సగం కూడా ఉండదు. అది తీరాక బోనస్‌లో మిగిలింది చదువు లోన్‌కు కట్టండి. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) లోన్ అయితే ముందుగా కట్టినందుకు బ్యాంకు ఛార్జీ వేయకూడదు. కట్టేటప్పుడు "అసలుకు జమ చేసి, వాయిదా అలాగే ఉంచి, గడువు తగ్గించండి" అని లెటర్ ఇవ్వండి. ఊరికే అకౌంట్‌లో వేసి వదిలేస్తే కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెలల వాయిదాల కింద సర్దేస్తారు.

ప్రశ్న: "కేంద్రం చదువు లోన్లు మాఫీ చేస్తోంది, 2,500 కట్టి పేరు నమోదు చేసుకోండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నిజమేనా?
— ఓ పాఠకుడు

కాదు. కట్టకండి. ప్రభుత్వ పథకం ఏదీ పేరు నమోదుకు ఫోన్‌పేలో డబ్బు అడగదు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. లింకు నొక్కి ఆధార్ ఓటీపీ కూడా చెప్పి ఉంటే బ్యాంకుకు వెళ్లి అకౌంట్ సంగతి చూసుకోండి. మీకు ఆ మెసేజ్ పంపినవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి, వాళ్లు కట్టేసి ఉండొచ్చు.